ఇంజను లైటు వెలిగితే... (తక్కువ ధరలో కోడ్ రీడర్ ఎంచుకోవడం ఎలా?)

మన హాస్టల్ సంచికలో ఏటా అమ్మ మీద కవితలు, స్నేహం మీద కవితలు, పొడుపు కథలు, మహనీయుల జీవిత విశేషాలు వస్తూనే ఉంటాయి. ఈసారి వార్డెన్ గారు మమ్మల్ని పిలిచి, "ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు కదా, తమ్ముళ్లకు పనికొచ్చేది ఒకటి రాయండయ్యా" అన్నారు. మేము అంటే నాలుగో నంబరు గది ముగ్గురం. ముగ్గురిదీ ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటివాళ్లం మేమే. ఏం రాయాలా అని ఎక్కువ ఆలోచించలేదు. 2024 వేసవి సెలవుల్లో మా చేతుల మీదుగా జరిగినదే రాస్తున్నాం. మన హాస్టల్లో ఆటో, టాక్సీ, ట్రాక్టరు డ్రైవర్ల పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి ఎవరికో ఒకరికి అక్కరకు రాకపోదు.

మా ముగ్గురిలో ఒకరి నాన్నగారు టాక్సీ డ్రైవరు. మిగతా ఇద్దరం ఆయన్ని బాబాయ్ అంటాం. ఈ వ్యాసంలో మాత్రం నాన్న అనే రాస్తాం. ఇరవై ఏళ్లు పరాయివాళ్ల బండ్లు తోలిన తర్వాత ఆయన 2014లో తయారైన పెట్రోలు కారు ఒకటి హైదరాబాదు నుంచి సెకండ్ హ్యాండులో కొన్నారు. దాని ఫైనాన్సు వాయిదా ప్రతి నెలా ఏడో తేదీన కట్టాలి. ఊరి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం వెళ్లే పెద్దాయన ఒకరున్నారు. ఆయన కిరాయి మీదే ఇల్లు నడుస్తుంది. అలాంటి బండికి మే నెలలో ఒక పొద్దున మీటరు పక్కన పసుపు రంగులో ఇంజను బొమ్మ వెలిగింది. వెలిగిన లైటు ఆరలేదు. పొద్దున్నే స్టార్టు చేస్తే ఇంజను అదిరేది. లీటరుకు పదహారు ఇచ్చే బండి పన్నెండుకు పడిపోయింది.

షెడ్డులో చూపిస్తే మేస్త్రీ బానెట్ ఎత్తి, కాసేపు యాక్సిలేటరు తొక్కి విని, "ఈసీఎం పోయినట్టుంది అన్నా. పాతది చూసి వేయించినా పద్నాలుగు వేలవుతుంది" అన్నాడు. ఈసీఎం అంటే ఇంజనును నడిపించే కంప్యూటరు. పద్నాలుగు వేలంటే మూడు రూపాయల వడ్డీకి తేవాలి. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "ఒరేయ్, మీరు చదివే చదువులో దీనికేమన్నా మందుందా?" అని అడిగారు. ఆయన నవ్వుతూనే అడిగారు గానీ మాకు మాత్రం నిద్ర పట్టలేదు. మైక్రోప్రాసెసర్ పేపర్లో డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవాళ్లం, కారులో ఉన్న మైక్రోప్రాసెసర్ను ఎలా పలకరించాలో మాకు తెలియదు!

ఆ తర్వాత నెల రోజుల్లో తెలుసుకున్నదీ, పొరపాట్లు చేసి నేర్చుకున్నదీ కింద రాస్తున్నాం.

ఈ పరికరం ఏమిటి?

కారు ఇంజనులో గాలి ఎంత వస్తోంది, నీళ్లు ఎంత వేడెక్కాయి, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది వంటివి చూడడానికి సెన్సర్లు ఉంటాయి. వాటి లెక్కలన్నీ కంప్యూటరుకు చేరతాయి. ఏదైనా లెక్క హద్దు దాటితే కంప్యూటరు ఒక సంకేతాన్ని తన జ్ఞాపకంలో రాసుకుని, అవసరమైతే ఇంజను లైటు వెలిగిస్తుంది. ఈ ఏర్పాటునే ఓబీడీ అంటారు, అంటే బండిలోనే ఉన్న రోగ నిర్ధారణ వ్యవస్థ. ఆ సంకేతాన్ని బయటికి చదివి చెప్పేదే కోడ్ రీడర్.

ఇది మెకానిక్కుల సౌకర్యం కోసం పుట్టిందని మేము అనుకున్నాం. కాదు, పొగ కోసం పుట్టింది. లాస్ ఏంజెలిస్ నగరం మీద కమ్ముకునే పొగమంచుతో విసిగిన కాలిఫోర్నియా రాష్ట్రం, పొగను అదుపులో ఉంచే భాగాలు చెడిపోతే బండే చెప్పాలని 1980లలో నియమం చేసింది. ఒక్కో కంపెనీ ఒక్కో రకం సాకెట్, ఒక్కో రకం కోడ్ పెట్టడంతో గందరగోళమై, చివరికి 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే సాకెట్, ఒకే కోడ్లు తప్పనిసరి చేశారు. దాన్నే ఓబీడీ-2 అంటారు. యూరప్‌లో 2001 నుంచి పెట్రోలు కార్లకు ఇలాంటిదే వచ్చింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 బండ్లకు 2010 ఏప్రిల్ 1 నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ 1 నుంచి ఓబీడీ-2 అమలైంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. భారత్ స్టేజ్-4 మొదట పదమూడు నగరాలకే వచ్చింది. వాటిలో హైదరాబాదు ఉంది గానీ గుంటూరు, ఒంగోలు లేవు. దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి 2013కూ 2017కూ మధ్య తయారైన బండి అయితే సంవత్సరం ఒక్కటే చూసి నమ్మకూడదు. రీడర్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ స్టేజ్-6 కార్లయితే ఏ అనుమానమూ అక్కర్లేదు. మోటారు సైకిళ్లకూ భారత్ స్టేజ్-6తో ఓబీడీ వచ్చింది. కాని వాటి సాకెట్ కారు సాకెట్‌లా ఉండదు, మధ్యలో వేరే తీగ కొనుక్కోవాలి.

మొదట సాకెట్ చూడండి

రీడర్ కొనే ముందు టార్చిలైటు తీసుకుని స్టీరింగు కింద చూడండి. మోకాళ్లకు పైన ఎక్కడో పదహారు కాళ్ల సాకెట్ ఉంటుంది. ఒక వైపు వెడల్పు, ఒక వైపు ఇరుకు. వెడల్పు వైపు పైకి వచ్చేలా ఊహించుకుని ఎడమ నుంచి కుడికి పై వరుసలో 1 నుంచి 8, కింది వరుసలో 9 నుంచి 16 లెక్కపెట్టాలి. 16వ దానికి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. 4, 5 ఎర్తు. 6, 14 స్థానాల్లో లోహపు రేకులు కనిపిస్తే ఆ బండి చాలావరకు క్యాన్ అనే భాషలో మాట్లాడుతుంది. అవి ఖాళీగా ఉండి 7లో రేకు ఉంటే కే-లైన్ అనే పాత భాష. క్యాన్‌లో సెకనుకు ఐదు లక్షల బిట్లు పోతాయి. కే-లైన్‌లో పదివేల నాలుగు వందలే. మొత్తం మీద ఓబీడీ-2కు ఐదు భాషలున్నా మన రోడ్ల మీద తిరిగేవాటికి ఎక్కువగా ఈ రెండు రకాలే కావాలి. నాన్న కారుకు 6, 14 ఖాళీ. ఈ సంగతి ముందే చూసి ఉంటే మాకు మూడు వందల ఎనభై రూపాయలు మిగిలేవి.

మేమేం చేశామంటే, ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా చవకైన నీలం రంగు బ్లూటూత్ డాంగిల్ తెప్పించాం. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. సాకెట్‌లో పెట్టగానే ఎర్రలైటు వెలిగింది. మాకు ఆనందం! ఫోన్‌తో జత కూడా కలిసింది. కాని యాప్ తెరిస్తే ఎంతసేపటికీ 'ఈసీయూతో కలుస్తోంది' అని తిరుగుతూనే ఉంది. డాంగిల్ మీద లైటు వెలగడానికి కారు కంప్యూటరుతో సంబంధమే లేదు. 16వ కాలి నుంచి కరెంటు వస్తే చాలు, వెలుగుతుంది. ఫోన్‌తో కలవడమూ డాంగిల్‌కూ ఫోన్‌కూ మధ్య వ్యవహారమే. అసలు పరీక్ష మూడోది, కారుతో కలవడం. అందులో అది తప్పింది.

ఎందుకు తప్పిందో తర్వాత తెలిసింది. ఈ డాంగిళ్ల మీద ఉండే 'ఈఎల్ఎం 327' అనేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్ పేరు. ఆ సంస్థ మొదటి చిప్‌కు కాపీ కాకుండా రక్షణ పెట్టలేదు. దాంతో ప్రపంచమంతా నకళ్లు పుట్టాయి. 2022లో అసలు సంస్థే మూతపడింది. కాబట్టి ఇప్పుడు మార్కెట్లో ఈ పేరుతో దొరికే చవక సరుకంతా నకలే అనుకోవచ్చు. నకళ్లలోనూ బాగా పనిచేసేవి ఉన్నాయి. కొన్నింటిలో మాత్రం ఖర్చు తగ్గించడానికి కే-లైన్‌కు కావలసిన భాగాలు వేయరు. పెట్టె మీద 'వెర్షన్ 1.5' అని గొప్పగా ఉంటుంది గాని అసలు సంస్థ ఆ సంఖ్యతో చిప్ విడుదల చేయనేలేదు. '2.1' అని ఉన్నవాటిలోనూ చాలావరకు పాత ఆదేశాలన్నీ పనిచేయవు. పెద్ద సంఖ్య ఉంటే మంచి సరుకని మేమూ అనుకున్నాం. అదే మా మొదటి పొరపాటు.

ఏ రకం కొనాలి?

స్థూలంగా మూడు రకాలు. మొదటిది ఫోన్‌తో వాడే డాంగిల్, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. రెండోది సొంత తెర, బటన్లు, తీగ ఉన్న చేతి రీడర్. ఆటెల్, లాంచ్ వంటి కంపెనీలు వీటిలో చిన్న రకాలు తయారుచేస్తాయి. పేరులేనివీ చాలా ఉన్నాయి. ధర వెయ్యిన్నర దగ్గర మొదలవుతుంది. మూడోది షోరూముల్లో, పెద్ద షెడ్లలో వాడే స్కానర్. దాని ధర పదివేల లెక్కల్లో ఉంటుంది, దాని జోలికి మనం పోనక్కర్లేదు.

డాంగిల్ మంచిదా, చేతి రీడర్ మంచిదా అంటే మా ఓటు చేతి రీడర్‌కే. ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉండి అది నాన్న కిరాయికి వెళ్లేటప్పుడు జేబులో ఉంటే డాంగిల్ వల్ల ప్రయోజనం లేదు. చేతి రీడర్‌కు ఫోన్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, యాప్ మారిపోయిందన్న బాధ లేదు. పది మంది చేతులు మారినా తట్టుకుంటుంది. డాంగిల్‌కు ఒక సుగుణం ఉంది. అంకెల్ని గ్రాఫులుగా చూపిస్తుంది, చదువుకునేవాడికి అది పండగే. చదువు కోసమైతే డాంగిల్, బతుకుతెరువు బండి కోసమైతే చేతి రీడర్ తీసుకోవచ్చు. డాంగిలే కొంటే, ఐఫోన్ ఉన్నవారు మామూలు బ్లూటూత్ రకం కొనవద్దు, అది కలవదు. వైఫై రకం గాని, తక్కువ శక్తి బ్లూటూత్ రకం గాని కావాలి. ఆండ్రాయిడ్‌కు ఏదైనా సరే. 'టార్క్', 'కార్ స్కానర్' వంటి యాప్‌లు ప్లే స్టోర్‌లోనే దొరుకుతాయి. పెట్టెలో వచ్చే చిన్న సీడీలోని సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కించకండి. అది దొంగ కాపీ కావచ్చు, అందులో వైరస్ ఉండవచ్చు.

ఏది కొన్నా ఈ పనులు చేస్తుందో లేదో పెట్టె మీద చదవాలి. నిలవ ఉన్న కోడ్లు, ఇంకా ఖరారు కాని కోడ్లు చదవాలి. కోడ్ పడిన క్షణంలో ఇంజను వేగం, వేడి ఎంతున్నాయో దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ చూపాలి. ప్రస్తుతం నడుస్తున్న అంకెలు, అంటే లైవ్ డేటా, చూపాలి. పరీక్షల సంసిద్ధత చూపాలి. కోడ్ తుడిచివేయగలగాలి. బాగా చవకైన కొన్ని చేతి రీడర్లు కోడ్ చదివి తుడవడం మాత్రమే చేస్తాయి, లైవ్ డేటా ఉండదు. వాటిని ఎంత తక్కువకిచ్చినా వద్దనే చెబుతాం. ఎందుకో కింద మా కారు కథలో తెలుస్తుంది.

ఇంకొక హెచ్చరిక. అదే సాకెట్‌లో పెట్టే 'మైలేజీ పెంచే ప్లగ్గు' అని ఒకటి అమ్ముతుంటారు. చూడటానికి అచ్చం డాంగిల్ లాగే ఉంటుంది. విప్పి చూసినవాళ్లకు లోపల మినుకుమినుకుమనే లైట్లు తప్ప కారుతో మాట్లాడే భాగమే కనిపించలేదు. డీజిలు పొదుపు చేయాలన్న ఆశ ఉన్న డ్రైవర్లకే దీన్ని అంటగడతారు.

కంప్యూటరు మాట ఎలా ఉంటుంది?

ఇది చదువుకునే తమ్ముళ్ల కోసం. రీడర్ ఒక ప్రశ్న పంపుతుంది, కంప్యూటరు జవాబిస్తుంది. రెండూ పదహారు ఆధారపు సంఖ్యల్లోనే. ఇంజను వేగం కావాలంటే ప్రశ్న '01 0సి'. జవాబు '41 0సి 0సి 80' అని వచ్చిందనుకుందాం. 41 అంటే 01కి జవాబని, తర్వాతి 0సి మనం అడిగిన అంశమని అర్థం. మిగిలిన రెండు బైట్లు 0సి, 80. పదుల లెక్కలో 12, 128. మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలిపితే 3,200. దాన్ని నాలుగుతో భాగిస్తే 800. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతోందన్నమాట. నీళ్ల వేడికి '01 05' అడగాలి. జవాబులో 82 వస్తే అది 130. అందులోంచి 40 తీసేస్తే 90 డిగ్రీలు. సున్నాకన్నా తక్కువ వేడినీ ఒకే బైటులో చెప్పడానికి ఈ 40 తీసివేత పెట్టారు. ఈ నలభైని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కోడ్‌కు ఒక అక్షరం, నాలుగు అంకెలు. పి అంటే ఇంజను, గేరుబాక్సు. బి బాడీ, సి బ్రేకులు స్టీరింగు వంటివి, యు కంప్యూటర్ల మధ్య సంభాషణ. తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత అర్థం. ఆ తర్వాతి అంకె ఏ విభాగమో చెబుతుంది. 1, 2 గాలి ఇంధనం, 3 మంట, 4 పొగ అదుపు, 5 వేగం, 6 కంప్యూటరు, 7 గేరుబాక్సు. పి0301 అంటే ఒకటో సిలిండరులో మంట సరిగా పడడం లేదు. ఇంజను లైటు నిలకడగా కాక కొట్టుకుంటూ ఉంటే ఇలాంటి తీవ్రమైన లోపమే ఉండవచ్చు. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలోని కెటాలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది కాబట్టి బండి వెంటనే పక్కన ఆపాలి.

కోడ్ జబ్బు పేరు చెప్పదు, నొప్పి ఎక్కడో మాత్రం చెబుతుంది. పి0301 వచ్చిందని ప్లగ్గు, కాయిలు, ఇంజెక్టరు అన్నీ మార్చనక్కర్లేదు. సిలిండరుకొక కాయిలున్న బండి అయితే ఒకటో కాయిలు తీసి రెండోదానికి, రెండోది ఒకటోదానికి మార్చి నడపండి. కోడ్ పి0302గా మారితే తప్పు కాయిలుదే. మారకపోతే ప్లగ్గు చూడండి. పైసా ఖర్చు లేదు. పి0420 వస్తే కెటాలిటిక్ కన్వర్టరు సరిగా పనిచేయడం లేదని అర్థం చెబుతారు. అది వేల రూపాయల వస్తువు. దాని వెనకున్న ఆక్సిజన్ సెన్సరు చెడినా, గొట్టానికి బీట పడి గాలి చొరబడినా అదే కోడ్ వస్తుంది. ముందు అవి చూడాలి.

మా కారు కథ

నీలం డాంగిల్ వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. ముగ్గురం తలా ఐదు వందల యాభై వేసుకుని, నాన్న కారులోనే విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. ఒకడి స్కాలర్‌షిప్పు అప్పటికి పడలేదు, వాడి వంతు మిగతా ఇద్దరం వేశాం. మూడు దుకాణాలు తిరిగి, "బండిలో పెట్టి చూపిస్తేనే డబ్బులిస్తాం" అని అడిగాం. రెండు దుకాణాల వాళ్లు ఒప్పుకోలేదు. మూడో దుకాణంలోని పెద్దాయన, "చూసుకోండి బాబూ, నాదేం పోయింది" అని సీలు విప్పి ఇచ్చాడు. అది వెయ్యి ఆరు వందల యాభై రూపాయల చేతి రీడర్. తెర మీద ఒక్కో భాషా ప్రయత్నించి, కొన్ని క్షణాలకు కే-లైన్ మీద కలిసింది. కోడ్ పి0113.

ఇక్కడ మేము చేసిన రెండో పొరపాటు చెప్పాలి. ఆనందంలో ఒకడు 'తుడిచివేయాలా' అన్నదానికి అవును నొక్కేశాడు. లైటు ఆరింది. నాన్న ముఖం వెలిగింది. కాని కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోయింది. ఏ వేగంలో, ఎంత వేడిలో తప్పు పడిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఇంటికి చేరేలోపే మంగళగిరి దగ్గర లైటు మళ్లీ వెలిగింది. నాన్న ఏమీ అనలేదు. రోడ్డు వంకే చూస్తూ నడిపారు.

మర్నాడు ఇంటి ముందు నింపాదిగా కూర్చున్నాం. పి0113 అంటే ఇంజనులోకి వెళ్లే గాలి వేడిని కొలిచే సెన్సర్ వలయంలో వోల్టేజి ఎక్కువగా ఉందని అర్థం. ఈ సెన్సర్ ఒక థర్మిస్టర్. ఇంటర్లో చదివిందే, వేడి పెరిగితే నిరోధం తగ్గుతుంది. కంప్యూటరు ఐదు వోల్టులు ఒక నిరోధం గుండా పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో చూస్తుంది. చల్లగా ఉంటే ఎక్కువ మిగులుతుంది. తీగ తెగిపోతే ఐదుకు ఐదూ మిగులుతాయి. కంప్యూటరు దాన్ని ఎముకలు కొరికే చలి అనుకుంటుంది.

లైవ్ డేటాలో గాలి వేడి చూశాం. మే నెల, మిట్ట మధ్యాహ్నం, నీడన నలభై మూడు డిగ్రీల ఎండ. తెర మీద మైనస్ 40! జవాబు బైటు 00, అందులోంచి 40 తీసేస్తే మైనస్ 40. అంతకన్నా తక్కువ చెప్పడానికి ఆ బైటుకు చోటే లేదు. సెల్సియస్‌లో చూసినా ఫారన్‌హీట్‌లో చూసినా అది మైనస్ 40 గానే ఉంటుంది, రెండు కొలతలూ కలిసే బిందువదే. పల్నాడు ఎండలో మంచు కురుస్తోందని నమ్మిన కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తోంది. మైలేజీ పడిపోవడానికీ, ఇంజను అదరడానికీ అదీ సంగతి.

మరి చెడింది సెన్సరా, తీగా, కంప్యూటరా? ఇక్కడే లైవ్ డేటా ఉన్న రీడర్ విలువ తెలిసింది. మా కారులో ఆ సెన్సర్ విడిగా, రెండే తీగలతో, ఎయిర్ ఫిల్టరు డబ్బా పక్కన ఉంది. దాని కనెక్టరు ఊడదీసి, తీగల వైపున్న రెండు కొసలను చిన్న తీగతో కలిపాం. కంప్యూటరూ, తీగలూ బాగుంటే అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా నూరు దాటి పోవాలి. కదల్లేదు. అంటే సెన్సర్ కొన్నా ఉపయోగం లేదు, లోపం తీగలోనో కంప్యూటరులోనో ఉంది. (ఈ పరీక్ష రెండు తీగల వేడి సెన్సర్లకు మాత్రమే చేయాలి. మూడు, నాలుగు తీగలున్నవాటిని ఇలా కలిపితే ఉన్నది కూడా పోతుంది.) తర్వాత మల్టీమీటరుతో చూస్తే కనెక్టరు దగ్గర ఐదు వోల్టులు రావడం లేదు. తీగల కట్ట వెంట వేలితో తడుముకుంటూ పోతే బ్యాటరీ వెనక, గుడ్డపీలికలు, వడ్లపొట్టు పోగేసిన చిన్న గూడు కనిపించింది. ఎలుక! రెండు తీగల్లో ఒకటి శుభ్రంగా కొరికేసి ఉంది.

ఆటో ఎలక్ట్రీషియన్ తీగ అతికి, సోల్డరు చేసి, స్లీవు తొడిగి రెండు వందలు తీసుకున్నాడు. తెర మీద గాలి వేడి 46 చూపించింది. బానెట్ కింద కాబట్టి బయటికన్నా కొంచెం ఎక్కువ. ఈసారి కోడ్ నోటుబుక్కులో రాసుకున్న తర్వాతే తుడిచాం. ఆ గురువారం పెద్దాయన డయాలసిస్‌కు సమయానికే వెళ్లారు.

షెడ్డు మేస్త్రీ మీద మాకు కోపం లేదని కూడా రాయాలి. అతని దగ్గర కార్బురేటరు కాలం నాటి అనుభవం ఉంది, రీడర్ లేదు. చెవితో విని చెప్పగలిగింది చెప్పాడు. తర్వాత మా రీడర్ చూసి, "ఇదెంత, ఎక్కడ కొన్నారు?" అని అడిగి చిరునామా రాసుకున్నాడు.

ఇంకొన్ని మాటలు

చవక రీడర్లతో కానివి కొన్ని ఉన్నాయి. ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్ బ్యాగుల కోడ్లు ఎక్కువగా కంపెనీ సొంత భాషలో ఉంటాయి, ఇవి చదవలేవు. కొత్త డీజిలు బండ్లలో మసి పట్టే ఫిల్టరును శుభ్రం చేయించడం, కొత్త తాళం చెవి కలపడం కూడా వీటివల్ల కాదు. 'అన్ని పనులూ చేస్తుంది' అని రాసి వెయ్యి రూపాయలకు అమ్మితే నమ్మకండి.

సెకండ్ హ్యాండు బండి కొనేవాళ్లకు రీడర్ వల్ల పెద్ద లాభం ఉంది. అమ్మేవాడు ముందు రోజు కోడ్ తుడిచేసి లైటు ఆర్పి చూపించవచ్చు. కాని తుడిచినప్పుడు కంప్యూటరు చేసుకునే స్వయం పరీక్షల ఫలితాలన్నీ కూడా పోతాయి. అవి మళ్లీ పూర్తి కావడానికి కొన్ని రోజులు మామూలుగా తిరగాలి. రీడర్‌లో సంసిద్ధత తెరిస్తే చాలా పరీక్షలు 'పూర్తి కాలేదు' అని ఉంటే ఎందుకని అడగండి. బ్యాటరీ మార్చినా అలాగే అవుతుంది, కాబట్టి వెంటనే దొంగ అనకండి, వారం తర్వాత వస్తామని చెప్పండి. తాళం తిప్పగానే, స్టార్టు చేయక ముందు, ఇంజను లైటు ఒకసారి వెలగాలి. అసలే వెలగకపోతే బల్బు తీసేశారేమోనని అనుమానించాలి. నాన్న కారు కొన్నప్పుడు ఇవేవీ మాకు తెలియవు. అదృష్టం బాగుండి బయటపడ్డాం.

డాంగిల్ వాడేవాళ్లు రాత్రి సాకెట్‌లోనే వదిలేయకండి. తాళం తీసినా 16వ కాలికి కరెంటు ఉంటుందని పైన రాశాం. బండి చాలా రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. నడిపేటప్పుడు ఫోన్ తెర చూడవద్దు. పక్కన కూర్చున్నవాడికి ఇవ్వండి.

మా రీడర్ ఇప్పుడు నాలుగో నంబరు గదిలో, కిటికీ పక్కన అట్టపెట్టెలో ఉంటుంది. ఇప్పటికి పదకొండు బండ్లు చూసింది. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరైనా అడిగి తీసుకెళ్లవచ్చు. పెట్టెలోనే ఒక నోటుబుక్కు ఉంది. తేదీ, బండి తయారైన సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు అందులో రాసిన తర్వాతే తుడిచే బటన్ నొక్కాలి. నెలలో మొదటి ఆదివారం మాత్రం అడగకండి, ఆ రోజు నాన్న బండి చూడడానికి మేము తీసుకెళతాం.